అక్క వంతు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ ఉష్షమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనే ధైర్యం పెద్ద డాక్టరుకు కూడా లేదు. వినికిడి పరీక్షలు చేసే గది ఆమెది. వరండాలో ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, తలుపు సందులోంచి తల బయటపెట్టి, పెదవుల మీద వేలుంచి 'ఉష్' అనేది. చెవులు వినపడనివాళ్ళు కూర్చునే వరండాలో ఉష్ అని ఏం లాభమని వెనకాల నవ్వుకునేవారు.

ఆమె గదిలో ఇంకో చిన్న గది ఉంది. మందపాటి గోడలు, తలుపు అంచుల చుట్టూ రబ్బరు, ఒక గాజు కిటికీ. పరీక్షకు వచ్చినవాళ్ళు లోపల కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. సన్నటి ధ్వని వినిపించినప్పుడల్లా చేతిలోని బొత్తాం నొక్కాలి. నొక్కితే బయట ఆమె ముందున్న యంత్రం మీద దీపం వెలుగుతుంది. కొందరు ఏ ధ్వనీ లేకుండానే నొక్కేస్తారు. పరీక్ష తప్పుతామేమోనన్న భయం, పాపం. వాటికి ఆమె 'దొంగ నొక్కుళ్ళు' అని పేరు పెట్టింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అలాంటివి వేలకొద్దీ చూసింది. అందుకే, ఆ చిన్న గదిలో తమ్ముడి దగ్గు మొదటిసారి వినపడినప్పుడు, చెవి చేసే దొంగపనుల్లో ఇదొకటని కొట్టిపారేసింది.

తమ్ముడు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

దీనికంతటికీ మొదలు ఒక ముసలి భిక్షుణి. చెవి మిషన్ కోసం వచ్చింది. నున్నటి గుండు, పదిచోట్ల కుట్టుకున్న వస్త్రం, నోట్లో మిగిలినవి మూడు పళ్ళు. బొత్తాం చేతికిస్తే, "వినపడకపోయినా ఒకసారి నొక్కనా అమ్మా, నీకూ తోచాలిగా!" అని అడిగింది. ఉష్షమ్మ నవ్వింది. ఆమె నవ్వడం చూసిన ఆయా ఆ సంగతి రెండు అంతస్తుల దాకా చెప్పుకుంది.

ఆ భిక్షుణి ఆదివారాలు పొద్దున టైర్ల కొట్టు పైనున్న హాల్లో మైత్రీధ్యానం నేర్పేది. ఉష్షమ్మ వెళ్ళడం మొదలుపెట్టింది. నేర్పేది చూడబోతే చాలా తేలిక. కళ్ళు మూసుకుని ముందు నేను సుఖంగా ఉండాలి, నాకు ఏ భయమూ లేకుండా ఉండాలి అనుకోవాలి. తర్వాత మనకు ఇష్టమైన మనిషిని తలచుకుని అదే మాట. ఆపైన మనకు ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి. చివరికి, తలచుకుంటేనే ఒళ్ళు మండే మనిషి. నలుగురి మధ్యా గోడలు పడిపోయిన రోజున మనసుకు విడుదల, అంది భిక్షుణి. అంతకంటే పెద్ద సుఖం తనకు తెలియదని కూడా అంది.

ఉష్షమ్మ శ్రద్ధ గల మనిషి. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ ఆ చిన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. కానీ మొదటి మెట్టు దగ్గరే చిక్కొచ్చింది. 'నేను సుఖంగా ఉండాలి' అనబోతే మాట సగంలోనే ఆగిపోయేది. పోనీలే, మన గురించి మనం అనుకోవడం ఏం బాగుంటుందని దాన్ని దాటేసింది. ఇష్టమైన మనిషి అనగానే తమ్ముడే వచ్చి నిలబడ్డాడు. సన్నటి మెడ, మూపు వంచి కూర్చునే అలవాటు, ఉబ్బసం. సుఖంగా ఉండరా అంది మనసులో. వెంటనే దగ్గు వినిపించింది.

రెండు పొడిదగ్గులు, ఒక ఈల, మళ్ళీ ఒక దగ్గు. ఇరవై నాలుగేళ్ళు విన్న దగ్గు అది, లక్ష దగ్గుల్లో కలిపినా గుర్తుపడుతుంది. కళ్ళు తెరిచింది. నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. ఆమెకు భయం వేయలేదు. ఆశ కలిగింది. అసలు భయపడాల్సింది అక్కడే!

మర్నాడు మళ్ళీ తలచుకుంది, మళ్ళీ వచ్చాడు. నెల తిరిగేసరికి పిలవకుండానే రావడం మొదలుపెట్టాడు. పరీక్ష జరుగుతుంటే ధ్వనికీ ధ్వనికీ మధ్య దగ్గేవాడు. ఆమె చేయి తడబడేది. ఒక పెద్దాయన కాగితం మీద కుడి చెవి వినికిడి గీతను ఎడమ చెవికి గీసింది. డాక్టరు పిలిచి, "ఇంకోసారి ఇలాగైతే కష్టం. మీ గీత చూసే నేను ఆపరేషన్ చెయ్యాలి" అన్నాడు. ఆమె తలెత్తలేకపోయింది. అవతలివాళ్ళ చెవులతో ఆటలా? దగ్గు ఆగాలి, లేదా తను ఆ కుర్చీలోంచి లేవాలి. మూడో దారి లేదు.

ఆదివారం భిక్షుణిని అడగబోయింది. ఆవిడకేమో మిషన్ పెట్టినా అంతంతమాత్రమే. అక్కడ ఎవరి బాధ చెప్పుకోవాలన్నా అరిచి చెప్పుకోవాల్సిందే. హాలంతా వింటుంది. ఉష్షమ్మ ఒక్క ముక్క మాత్రం అరవగలిగింది.

"అమ్మగారూ! చనిపోయినవాళ్ళని తలచుకోవచ్చా?"

"వద్దు!" భిక్షుణి కూడా అరిచింది. "ఈ ధ్యానంలో వద్దు. సుఖంగా ఉండు అనాలంటే, ఉండటానికి అవతల మనిషి ఉండాలి. పోయినవాళ్ళ మీద ప్రేమ నిలవదమ్మా. దాని పీట మీద దుఃఖం వచ్చి కూర్చుంటుంది. అచ్చం ప్రేమలాగే మాట్లాడుతుంది. ద్వేషం శత్రువని దూరం నుంచే తెలుస్తుంది. ఇదట్లా కాదు, ఇంట్లో మనిషిలా తిరుగుతుంది, మనమే అన్నం పెడతాం." కాసేపు ఆమె ముఖంలోకి చూసి, "బతికున్నవాళ్ళెవరూ లేరా నీకు?" అంది.

ఉన్నారు. ఒక అక్క ఉంది. నాలుగో మెట్టు మీద, తలచుకుంటేనే ఒళ్ళు మండే చోట.

తమ్ముడికి ఉబ్బసం ముదిరినప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ వంతులు వేసుకున్నారు. అమ్మ పనికి వెళ్ళేది, చెల్లెలు ఆసుపత్రికి సెలవు పెట్టింది. పొద్దుట చెల్లెలు, భోజనాల నుంచి నాలుగింటిదాకా అక్క. దగ్గు మొదలైతే వెళ్ళి లేపి కూర్చోబెట్టాలి, మందు పీల్పించాలి, వీపు రాయాలి. తమ్ముడు పోయిన రోజు మూడు గంటలకు, వాన పడుతుండగా, దగ్గు మొదలైతే ఎవరూ వెళ్ళలేదు. నాలుగింటికి చెల్లెలు కాఫీ తీసుకెళ్ళి చూసింది. ఇంటినిండా జనం చేరాక, అందరూ వింటుండగా, "మధ్యాహ్నం వంతు అక్కది" అంది. అక్క కిమ్మనలేదు. అంతే, ఆ మాట అక్క నుదుటి మీద అంటుకుపోయింది. బంధువులు మొహం చాటేశారు. అమ్మ సైతం ఏడాదిపాటు పెద్దకూతురి చేతి నీళ్ళు తాగలేదు. అక్క ఊరి రెండో చివరకు మకాం మార్చుకుంది. తర్వాత తర్వాత అమ్మ ఒక్కతే వెళ్ళి చూసి వచ్చేది, ఉండటం మాత్రం చిన్నకూతురి దగ్గరే.

ఆ బుధవారం పదకొండింటికి చీటీ పట్టుకుని లోపలికొచ్చింది అక్క. జుట్టు సగం నెరిసింది. చేతిసంచీ కడుపుకు అదుముకుని నిలబడింది.

"ఇంకో చోటికి పోదామనుకున్నా. వాళ్ళూ ఇక్కడికే రాసిచ్చారు" అంది. "ఎడమ చెవి సరిగ్గా వినపడట్లేదు. నీకు ఇబ్బందైతే పోతాలే."

"కూర్చో" అంది చెల్లెలు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది.

చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, బొత్తాం చేతికిచ్చింది. అక్క వేళ్ళు చల్లగా ఉన్నాయి. తలుపు వేసి తన కుర్చీలోకి వచ్చింది. కుడి చెవి బాగానే ఉంది. ఎడమ చెవి కొంత తగ్గింది. అక్క బుద్ధిగా, విన్నప్పుడే నొక్కుతోంది, ఒక్క దొంగ నొక్కుడూ లేదు. మధ్యలో కాగితం తిప్పడానికి చెల్లెలు యంత్రం మీంచి చేయి తీసేసింది. ఏ ధ్వనీ పంపలేదు. అప్పుడు దీపం వెలిగింది.

ఆరి, మళ్ళీ వెలిగింది. కాసేపాగి మూడోసారి.

చెల్లెలు మైకు దగ్గరికి వంగింది. "ఏం వినపడిందని నొక్కావు?"

అక్క గాజులోంచి అయోమయంగా చూసింది. "ఇందాకటి లాంటిది కాదు. ఎవరో దగ్గారు. దానికి నొక్కకూడదా?"

ఉష్షమ్మ చటుక్కున తిరిగి వరండా వైపు చూసింది, తలుపు మూసే ఉంది. ఇన్నాళ్ళూ అది తన చెవిలోనే ఉందనుకుంది, తనకొక్కదానికే అనుకుంది. ఏమిటిది, ఎవరి కోసం దగ్గుతున్నాడు వీడు? పారిపోవాలనిపించింది. పారిపోతే అక్క ఆ గదిలో, ఆ దగ్గుతో, ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంకోసారా?

"ఇప్పుడు మాటల పరీక్ష" అంది మైకులో. "నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు తిరిగి చెప్పాలి."

పెదవులు చూసి పోల్చుకోకుండా అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని చదవడం పద్ధతి. ఆమె అట్టముక్క అడ్డం పెట్టుకుంది.

"కిటికీ."

"కిటికీ" అంది అక్క.

"గొడుగు."

"గొడుగు."

మూడో మాట జాబితాలోది కాదు. "ఆ రోజు నేను కూడా విన్నాను."

అక్క నోరు తెరిచింది. తిరిగి చెప్పలేదు.

"పక్కగదిలోనే ఉన్నాను. మొదటి దగ్గుకే మెలకువ వచ్చింది. నా వంతు కాదు గదా అని పడుకున్నాను. నిన్నే అన్నారు అందరూ. నేనే అనిపించాను." అట్టముక్క ఎప్పుడో కింద పడిపోయింది. కన్నీళ్ళు కారిపోతున్నాయి.

అక్క నెమ్మదిగా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బయటికి రాలేదు. చెల్లెలే వెళ్ళి ఆ బరువు తలుపు లాగి, ఆ ఇరుకులో ఆమె ఎదుట నేల మీద కూలబడింది.

"తెలుసులే" అంది అక్క.

"ఏం తెలుసు?"

"నేనూ విన్నానే, ముందుగదిలో పడుకుని. లేవబోయాను కూడా. ఇంతలో నీ మంచం కిర్రుమంది. లేచావనుకున్నా. చెల్లి వెళ్తోందిలే అనుకుని కళ్ళు మూసుకున్నా."

ఉష్షమ్మకు ఆ మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. నిజమే, లేచి కూర్చుంది ఆ రోజు. కాళ్ళు కింద పెట్టింది. గచ్చు చల్లగా తగిలింది. అప్పుడే వంతు సంగతి గుర్తొచ్చి మళ్ళీ పడుకుంది. ఆ చప్పుడు నమ్మి అక్క ఆగిపోయింది. తమ్ముడు గోడ అవతల ఇద్దరి కోసం ఎదురుచూశాడు.

"మరి అంతమందిలో ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట అంటే పోయేదిగా?"

"అంటే నువ్వు బతికేదానివా?" అంది అక్క, కసిరినట్టుగా. "అప్పటికే నీ చూపు చూడలేకపోయాను. ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి గదా నువ్వు. నన్ను పట్టుకున్నావు, పట్టుకోనీ అనుకున్నా. అలాగని నేనేం దేవతని కాదు. నీ మీద కోపం ఎన్ని రోజులు అన్నం తిననిచ్చిందనుకున్నావు? నీ గొంతు గుర్తొస్తే గిన్నెలు విసిరేసేదాన్ని. అయినా చెప్పలేకపోయాను."

చెల్లెలు అక్క మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క చేయి తల మీద పడింది, బరువుగా, కాస్త మొరటుగా. ఎవరినో సుఖంగా ఉండమని కళ్ళు మూసుకుని తలచుకున్న రోజుల్లో ఈ బరువు ఆమెకు ఎన్నడూ తెలియలేదు. సిగ్గుగా ఉంది, హాయిగా ఉంది, భయం కూడా పోలేదు.

"చూడు" అంది అక్క, ఆమె తల పైకెత్తి. "అమ్మకి మాత్రం చెప్పకు. మంచం సంగతి అసలే వద్దు. ముసలిది, తట్టుకోలేదు. నా వంతే అనుకోనీ. నాకలవాటైపోయింది."

ఉష్షమ్మ కళ్ళు తుడుచుకుంది. బతికున్న మనిషి అక్క, ఎదురుగా కూర్చుని ఆ నింద ఇంకా మోస్తానంటోంది. మోయనిస్తే మళ్ళీ హాయిగా ఇంటికి వెళ్ళి అమ్మ వడ్డిస్తే తినొచ్చు. అమ్మ ఏమంటుంది? ఏమైనా అనొచ్చు. ఏడాది కాదు, ఈసారి బతికినన్నాళ్ళూ తన చేతి నీళ్ళు ముట్టకపోవచ్చు.

"అలవాటైతే మానుకో" అని జేబులోంచి ఫోను తీసింది. అక్క చేయి పట్టుకుని ఆపబోయింది. ఆ చేతిని అలాగే పట్టుకుని, రెండో చేత్తో నంబరు నొక్కింది. నాలుగు సార్లు మోగాక అమ్మ తీసింది.

"ఏమే, ఈ వేళప్పుడు చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. అక్క నా దగ్గరే ఉంది. నువ్వు ముందు కూర్చో."

"అక్కా?" అమ్మ గొంతు మారిపోయింది. కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. "కూర్చున్నాను. చెప్పు."

ఆమె మొదలుపెట్టింది. వాన దగ్గర్నుంచి, మొదటి దగ్గు దగ్గర్నుంచి, లేచి కాళ్ళు కింద పెట్టి మళ్ళీ పడుకున్నదాకా, ఏదీ దాచకుండా అమ్మకు చెప్పింది.