ముగ్గురి మొహమాటం

ఆ విశ్వవిద్యాలయంలో చేరాలన్నా, చదువు ముగించుకుని బయటపడాలన్నా విద్యార్థులు మూడు భవనాల మధ్య కాళ్ళరిగేలా తిరగాల్సిందే. అడ్మిషన్ల వాళ్ళు హాస్టల్ కాగితం తెమ్మంటారు. హాస్టల్ వాళ్ళు పరీక్షల విభాగం ముద్ర ఏదీ అంటారు. పరీక్షల వాళ్ళు ముందు అడ్మిషన్లలో కనుక్కుని రమ్మంటారు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఇందులో తప్పుందని అక్కడ పనిచేసే వాళ్ళెవరికీ తోచలేదు, ఎందుకంటే తిరిగేది వాళ్ళు కాదు. కొత్తగా వచ్చిన వైస్ ఛాన్సలర్‌కి తోచింది. మూడు విభాగాల అధికారులనూ కూర్చోబెట్టి, మూడు ఆఫీసులూ ఒకే హాల్లోకి రావాలనీ, ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా అక్కడే పని పూర్తి కావాలనీ చెప్పాడు. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుకి అది జరక్కపోతే పనంతా బయటి కంపెనీకి ఇచ్చేసి, కాంట్రాక్టు ఉద్యోగులందరినీ ఇంటికి పంపేస్తానన్నాడు.

ఆ మాటతో పరీక్షల మేడమ్‌కి గుండె జారిపోయింది. పరీక్షల విభాగానికి అధికారి కాబట్టి ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడ వదిన, అంటే భర్తకి అక్క, ఆ విభాగంలోనే కాంట్రాక్టు ఉద్యోగి. మార్కుల పత్రాలని ఆఖరిసారి సరిచూసి ముద్ర వేసేది ఆవిడే. మేడమ్ అధికారి కాకముందు నుంచీ ఆ కుర్చీలోనే ఉంది. భర్త పోయాక తమ్ముడింటికి చేరి, మేడమ్ పిల్లలిద్దరినీ తన చేతుల మీద పెంచిన మనిషి. ఒకరి మీద పడి తింటున్నానన్న మాట రాకూడదని ఆ ఉద్యోగాన్ని ప్రాణంలా చూసుకుంటుంది. అదే పోతే ఆవిడ ఆ ఇంట్లో కడుపునిండా అన్నం తినదని మేడమ్‌కి బాగా తెలుసు.

మిగతా ఇద్దరు అధికారుల సంగతీ చెప్పాలి. హాస్టళ్ళు చూసే ఆయన గొంతు విప్పితే కిటికీ అద్దాలు అదురుతాయి కాబట్టి పిడుగు సార్ అంటారు. అడ్మిషన్లు చూసే ఆయన ఎవరేమడిగినా సరే అంటాడు కాబట్టి సరే సార్. అంతకుముందు ఈ ముగ్గురూ ఎదురుపడితే తలవంచుకుని తప్పుకునేవాళ్ళు. భయం వాళ్ళని కలిపింది. రోజూ మధ్యాహ్నం లైబ్రరీ వెనక గదిలో టీ తెప్పించుకుని కూర్చునేవాళ్ళు.

మొదటి రోజే సరే సార్ అసలు కష్టం బయటపెట్టాడు. మన వాళ్ళకి మనం కాదని చెప్పలేం, మొహమాటం అడ్డొస్తుంది అన్నాడు. దానికి ముగ్గురూ కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకరి విభాగంలో చెప్పాల్సిన చేదు మాట ఇంకొకరు వెళ్ళి చెప్పాలి. అడ్మిషన్లకి మేడమ్, పరీక్షలకి పిడుగు సార్, హాస్టళ్ళకి సరే సార్. నిజం చెప్పొద్దూ, అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఫ్యాన్ కింద చోటు వదిలి రామని మొండికేసిన అడ్మిషన్ల గుమాస్తాలకి మేడమ్ మొహం మీదే కుదరదని చెప్పేసింది. గోడలు పడిపోయాయి, బల్లలు హాల్లోకి చేరాయి. ఒకరి పని ఒకరు నేర్చుకున్నారు.

ఇక మిగిలింది ముగ్గురే. ప్రతి విభాగంలోనూ ఆఖరి ముద్ర వేసే మనిషి ఒకరుంటారు, వాళ్ళు విడి గదుల్లో కూర్చుంటారు. వాళ్ళు కదిలి హాల్లోకి వస్తే తప్ప అక్కడ ఏ కాగితమూ పూర్తి కాదు. పరీక్షల్లో వదిన. హాస్టళ్ళలో పిడుగు సార్‌తో కలిసి చదువుకున్న స్నేహితుడు. అడ్మిషన్లలో సరే సార్‌కి పని నేర్పిన ముసలాయన.

మేడమ్ మాటలన్నీ కూడగట్టుకుని ముసలాయన గదికి వెళ్ళింది. ఆయన లేచి కుర్చీ వేశాడు, పిల్లలెలా ఉన్నారని అడిగాడు. సరే సార్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బల్ల పక్కనే కూర్చుని పని నేర్చుకున్న సంగతి మురిసిపోతూ చెప్పాడు. ఈయన్ని లేపితే సరే సార్ మొహం ఎలా చూడగలను అనుకుంది మేడమ్. ఈయనొక్కరూ రాకపోతే కొంప మునగదు, మిగతా ఇద్దరూ ఎలాగూ వస్తారు కదా అనీ అనుకుంది. మీరు కొన్నాళ్ళు ఇక్కడే ఉండండి అని చెప్పి వచ్చేసింది.

మర్నాడు టీ దగ్గర, చెప్పేశాను అంది. మిగతా ఇద్దరూ కూడా చెప్పేశామన్నారు. ఏం చెప్పారని ఒక్కరైనా అడగలేదు. చదువుకున్న వాళ్ళు, పెద్ద పెద్ద సంతకాలు చేసేవాళ్ళు, ఆ ఒక్క ప్రశ్న అడగడానికి వాళ్ళకి నోరు పెగల్లేదు. ఇంటికి వెళ్తే వదిన ఎప్పటికంటే హుషారుగా ఉంది. ఎంత కష్టాన్ని దిగమింగుకుంటోందో అనుకుని మేడమ్ కళ్ళనీళ్ళ పర్యంతమైంది గానీ, ఇంట్లో కూడా ఆ మాటెత్తలేదు.

హాలు తెరిచిన రోజు, అంటే విద్యా సంవత్సరం మొదటి రోజు, పొద్దున్నే విద్యార్థుల వరస మెట్ల దాకా సాగింది. గుమాస్తాలు కాగితాలు తీసుకున్నారు, సరిచూశారు, ముద్ర కోసం వెనక్కి తిరిగారు. వెనక మూడు కుర్చీలూ ఖాళీ. కాసేపటికే విద్యార్థులు మళ్ళీ మూడు భవనాల వైపు పరుగులు పెట్టడం మొదలైంది. వైస్ ఛాన్సలర్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. సాయంత్రం మళ్ళీ వస్తాననీ, అప్పటికి ఆ మూడు కుర్చీల్లో మనుషులు కనిపించాలనీ, లేదంటే మర్నాడు కంపెనీ వాళ్ళు దిగుతారనీ చెప్పి వెళ్ళిపోయాడు.

వరండాలో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిడుగు సార్ గొంతు ఆ రోజు పక్కవాళ్ళకే సరిగా వినిపించలేదు.

"మీ వదినగారిని లెమ్మని ఎలా చెప్పమంటారు మేడమ్? ఉండమని మీరే అన్నారని చెప్పి వచ్చేశాను."

సరే సార్ కూడా పిడుగు సార్ స్నేహితుణ్ణి అలాగే వదిలేసి వచ్చాడట. మేడమ్‌కి తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలి? తను చేసిందీ అదే కదా. ఎవరి మనిషిని వాళ్ళే వెళ్ళి తీసుకురావాలంది. సరే సార్ సరే అన్నాడు గానీ అడుగు ముందుకు వెయ్యలేదు.

మేడమ్ పరుగులాంటి నడకతో వదిన గదికి చేరింది. లోపలికి రాగానే ఊపిరి కూడా తీసుకోకుండా, హాల్లోకి రావాలి వదినా అని చెప్పింది. వదిన కళ్ళద్దాలు తీసింది.

"నువ్వే ఉండమన్నావట కదా?"

"నేననలేదు వదినా."

వదిన మొహం ఒక్కసారిగా వాడిపోయింది. ఇన్నాళ్ళకి నా గురించి ఒకరు ఆలోచించారనుకున్నాను అంది. ముద్రలు సంచీలో వేసుకుని, గదికి తాళం పెట్టి వెంట నడిచింది.

ఆవిడ కూర్చోగానే పరీక్షల కాగితాలు చకచకా కదిలాయి. మిగతా రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. మేడమ్ ఫోన్ చేస్తే పిడుగు సార్, తన స్నేహితుడి గదిలోనే ఉన్నాననీ ఇంకా నోరు రావడం లేదనీ అన్నాడు. సరే సార్ ఫోనే ఎత్తలేదు. మేడమ్ ముసలాయన గదికి తనే పరిగెత్తింది. హాల్లోకి రానక్కర్లేదని మీరే అన్నారు కదా అని ఆయన మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయారని అటెండర్ చెప్పాడు. ఆ గుమ్మంలోనే ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

సాయంత్రం వైస్ ఛాన్సలర్ వచ్చాడు. నిండిన కుర్చీనీ, ఖాళీగా ఉన్న రెండు కుర్చీలనూ చూశాడు. మేడమ్ బతిమాలింది, ఒక్క రోజు ఇమ్మంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీ వాళ్ళకి మీరే చెప్పండి."

ఈసారి పక్క విభాగం నుంచి ఎవరూ రారు. మేడమ్ వదిన వెనక నిలబడింది. భుజం మీద చెయ్యి వేయబోయి వేయలేకపోయింది.

"వదినా, రేపటి నుంచి రానక్కర్లేదు."

వదిన చేతిలో ఉన్న కాగితానికి ముద్ర వేసి, అవతలి అమ్మాయికి అందించింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగింది.

"ఈ మాట చెప్పడానికి వచ్చావు. ఆ మాట చెప్పడానికి రాలేకపోయావా? వదినా లేవండి అని నువ్వొచ్చి అంటే ఆ రోజే లేచి వచ్చేదాన్ని కదమ్మా. ఆ ఇద్దరినీ కూడా నేనే లాక్కొచ్చేదాన్ని."

 వరసలో ఇంకా జనం ఉన్నారు. తర్వాత నిలబడ్డవాడి కాగితాలు వదిన అందుకుంది.