ఫోన్ స్టాండు వెనకాల

సుప్రీంకోర్టు తీర్పులు చదవడానికి పంకజాక్షికి దొరికేది ఇడ్లీ కుండకు ఆవిరి పట్టేంతసేపే. ఆదివారం పొద్దున ఫోను గోడకు ఆనించి, చట్నీకి చెనక్కాయ విత్తనాలు వేయించుకుంటూనే చదివేస్తుంది. తర్వాత దాన్ని అందరికీ అర్థమయ్యే తెలుగులో మొగుడికి చెప్పాలి. మోహన్‌కృష్ణ తిరుపతి కోర్టులో వకీలు. ఆదివారాలు యూట్యూబ్ లైవులో కొత్త చట్టాలు, కొత్త తీర్పులు వివరిస్తాడు. ఆయన నల్లకోటు ఇస్త్రీ చేసేదీ ఆమే. ఆమె కోటు మటుకు బీరువా మీద అట్టపెట్టెలో పడి ఉంది. పెళ్లికి ముందు చిత్తూరు కోర్టులో ఆమె కూడా వకీలే మరి.

"ఒకే ఇంట్లో రెండు నల్లకోట్లు యాల మే, కాకుల గూడు మాదిరి" అన్నాడు పెళ్లయిన కొత్తలో. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

అత్త వరలక్ష్మమ్మది ఇంకో పాట. "ఇది నా ఇల్లు. ఈడ ఉండాలంటే నేను చెప్పినట్టు ఉండాల." కూరలో ఉప్పెక్కువైనా అదే, కుళాయి కట్టేయడం మరిచినా అదే.

ఇంట్లో మాటలకేం కరువు? కాఫీ ఏది, సాక్సులు ఏవి అని పొద్దస్తమానం అడుగుతూనే ఉంటారు. నువ్వేమనుకుంటున్నావని అడిగే దిక్కే లేదు. వారానికోసారి ఆ తీర్పు చెప్పే కాసేపే ఆమె తన గొంతు తాను వింటుంది. అవే మాటలు ఆయన నోట వస్తుంటే ఫోన్ స్టాండు వెనకాల పీట మీద కూచుని, తడబడినప్పుడు సైగ చేస్తుంది. "ఎంత బాగా చెప్పినారు సార్" అని ఎవరో కామెంటు పెడితే, తనకే అన్నట్టు సంబరపడుతుంది. గిన్నెలు తోముకునేటప్పుడు మాత్రం ఏడుపొస్తుంది.

ఆ ఆదివారం లైవుకు ఏర్పేడు నుంచి కృపారాణి అనే ఆమె ఫోను చేసింది.

"సార్, మా ఆయన మెడ్రాసులో ఉండాడు, రానంటాడు. రేపు నా సామాన్లు బయటేస్తానంటాది మా అత్త. ఇల్లు ఆమె పేరు మింద ఉండాది. బిడ్డనెత్తుకోని యాడికి పోవాల సార్?"

మోహన్‌కృష్ణ గొంతు సవరించుకున్నాడు. "అత్త సొంత ఇంట్లో నీకే హక్కూ లేదమ్మా. సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది. మర్యాదగా ఖాళీ చేసేయ్."

పంకజాక్షి పీట మీద ముందుకు జరిగింది. అది పాత తీర్పు. అది సరికాదని తర్వాత సుప్రీంకోర్టే చెప్పింది. ఆ సంగతి పోయిన నెలే ఆయనకు చెబితే, ఫోను చూసుకుంటూ ఊ కొట్టాడు. ఇప్పుడు చెయ్యి అడ్డంగా ఊపింది. ఆయన చూస్తేగా!

"పోవద్దు! కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఉండాది" అనేసింది, ఇక ఆగలేక.

"సార్, ఎవురో అక్క మాట్లాడినట్టుండాదే?" అంది కృపారాణి.

"ఎవురూ లేరమ్మా. టీవీ" అన్నాడు ఆయన నవ్వుతూ.

"అట్లనా సార్... సరే, రేపే పోతాలే." ఆ పిల్ల గొంతు నీరుగారిపోయింది.

ఎవరూ లేరట! చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర కూచున్న మనిషి లేదట. పంకజాక్షికి కోపం కంటే ముందు భయమేసింది, నిజంగానే తను లేకుండా పోయిందేమోనని. తన సంగతంటే అలవాటే, పోనీ. రేపు ఆ పిల్ల బిడ్డతో సహా రోడ్డున పడుతుందే!

లేచింది. స్టాండు చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. కొంగుకు చట్నీ మరక, చేతులకు పసుపు. ఫోనులో తన మొహం తనకే కొత్తగా కనిపించింది. "ఏందిది పంకజా!" అని మొగుడు మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"కృపారాణీ, టీవీ కాదమ్మా. నేను అడ్వకేటు పంకజాక్షిని. ఇల్లు మీ అత్తదే అయినా, కోర్టు ఉత్తర్వు లేకుండా నిన్ను గెంటేదానికి లేదు. నువ్వు కదలొద్దు. పొద్దున్నే నల్లకోటు వేసుకోని నేనే వస్తా."

లోపల్నుంచి వరలక్ష్మమ్మ అరిచింది. "ఎవురింట్లో ఉండి ఏం మాట్లాడతాండావే?"

పంకజాక్షి ఫోను మీదనుంచి చూపు తిప్పలేదు.

"మా అత్త ఇంట్లోంచే మాట్లాడతా ఉండా కృపారాణీ. నేనూ కదలను."