ప్రార్థన అవసరత

బేతనియ మిషన్ ఆసుపత్రిలో కౌన్సెలర్ సోఫియా గది తలుపు మీద "మానసిక ఆరోగ్య విభాగం" అని బోర్డు పెట్టాక, ఆ గదిలోకి తమంతట తాము వచ్చింది ఇద్దరే. ఒకాయన బాత్రూం ఎక్కడని అడగడానికి వచ్చాడు. ఒకావిడ ఫ్యాను కింద కాసేపు కూర్చుని పోయింది. మదనపల్లెలో షుగరుకీ మోకాళ్ల నొప్పులకీ వరుసలో నిలబడడానికి ఎవరికీ సిగ్గు లేదు. మనసు బాగాలేదని చెప్పుకోవాలంటే మాత్రం బెంగుళూరు దాకా పోయి, అక్కడా తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని నాలుగు దిక్కులూ చూసుకుని మరీ చెప్పుకుంటారు.

అందుకే సోఫియా ఆ బోర్డు పీకించేసి, తానే వార్డుల్లో తిరగడం మొదలుపెట్టింది. మంచం పక్కకి స్టూలు లాక్కుని, "రాత్రి నిద్ర పట్టిందామ్మా?" అని అడిగేది. నిద్ర గురించి చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. అక్కడ మొదలైన మాట మెల్లగా అసలు సంగతి దగ్గరికి చేరుతుంది.

రత్నమ్మ దగ్గర మాత్రం ఆ మాట ముందుకు సాగలేదు. ఆమెది పెద్దమండ్యం పక్కన పల్లె. టమోటాలకు కొట్టే మందు తాగితే తీసుకొచ్చారు. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది. ఐసీయూ నుంచి ఆడవాళ్ల వార్డుకి మార్చారు. "చీకట్లో దగ్గు మందనుకోని తాగేసింది సార్" అని భర్త శివకుమార్ డాక్టర్లకీ పోలీసులకీ ఒకటే పాఠం అప్పజెప్పాడు. ఆ పాఠం ఆ వార్డులో ఏడాది పొడుగునా వినబడుతూనే ఉంటుంది. వింటే ఈ చుట్టుపక్కల దగ్గు లేని ఇల్లే లేదనిపిస్తుంది. అత్త బయ్యమ్మ మంచం కాళ్ల దగ్గర కాపలా కూర్చునేది. నిద్ర పట్టిందా అని కోడల్ని అడిగితే, "ఓ, బాగా పట్టింది" అని అత్త జవాబిచ్చేది.

ఒక పొద్దున బయ్యమ్మ టీ కోసం కిందికి దిగింది. సోఫియా ఈసారి నిద్ర మాట ఎత్తలేదు. పుట్టిల్లు యాడ అని అడిగింది.

"కుప్పం పక్క."

"అట్లనా! నేనూ కుప్పమే. స్టేషన్ వెనకాల మా ఇల్లు."

రత్నమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. పుట్టినూరి పేరు వింటే ఏ ఆడమనిషి మనసైనా కాస్త మెత్తబడుతుంది. కాసేపు ఆ ఊరి సంత గురించీ, రైళ్ల గురించీ మాట్లాడుకున్నారు. ఉన్నట్టుండి రత్నమ్మ గొంతు తగ్గించింది.

"నాకో బిడ్డ పుట్టిందక్కా. కడుపులోనే పోయింది. పుంగనూరులో ఆపరేషన్ చేసి తీసినారు. నాకు మెలకువ వచ్చేలోపల మావోళ్లు ఎత్తుకోని పోయినారు. సూపించలా. యాడ పెట్టినారో చెప్పలా. పోయినదాని మాట ఎత్తితే మళ్లా కడుపు నిలబడదంట, మా అత్త ఎత్తనీదు. ఆడబిడ్డో మగబిడ్డో కూడా నాకు తెలీదక్కా. రొమ్ముల్లో పాలు మాత్రం పడినాయి."

సోఫియా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి పోతే మళ్లా తాగనని చెప్పలేనక్కా. ఆ బిడ్డ యాడుంటే ఆడికే పోదామనిపిస్తాది. ఈ మాట మాత్రం ఎవురికీ చెప్పొద్దు."

"ఇంకొన్నాళ్లు ఈడనే పెట్టుకోమని డాక్టరుకి చెప్పాల్సొస్తాది. బిడ్డ మాట మాత్రం నీకూ నాకూ మధ్యనే" అంది సోఫియా. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అంది.

సోఫియా పాస్టరు కూతురు. బరువు మోయలేకపోతే ప్రార్థనలో దించుకోవడం ఉగ్గుపాలతో నేర్చుకుంది. బేతనియలో రోజూ పొద్దున డ్యూటీకి ముందు సిబ్బందంతా చాపెల్లో కూడతారు. పాట అయ్యాక ఆసుపత్రి పాస్టరు నతానియేలు అయ్యగారు, "ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పండి" అంటారు. పేర్లు చెప్పకూడదు, ఒక సహోదరుడు, ఒక సహోదరి అనాలి. అది అక్కడి మర్యాద. ఆ మర్యాద చాటున సగం ఆసుపత్రి సంగతులు మిగతా సగానికి తెలిసిపోతుంటాయి. మర్నాడు సోఫియా లేచి నిలబడింది.

"బిడ్డను పోగొట్టుకుని, బతుకు మీద ఆశ వదులుకున్న ఒక సహోదరి కోసం."

అంతే చెప్పింది. పేరు చెప్పలేదు. కానీ ఆడవాళ్ల వార్డులో మందు తాగి బతికిన మనిషి అప్పుడు ఒక్కతే ఉంది.

వార్డుల్లో ప్రార్థన చేసే ప్రేమకుమారమ్మది వెన్నలాంటి మనసు. చాపెల్ నుంచి నేరుగా రత్నమ్మ మంచం దగ్గరికి పోయింది, తల మీద చెయ్యి పెట్టింది, కళ్లు మూసుకుంది. దేవుడికి చెముడని ఆమెకు ఎవరు చెప్పారో గానీ, ఆమె ప్రార్థన మందుల షాపు దాకా వినబడుతుంది.

"ప్రభువా, ఈ కుమార్తె పోగొట్టుకున్న పసికందును నీ ఒడిలో చేర్చుకో! మళ్లీ మందు తాగాలన్న తలంపును ఈమెలో నుంచి తీసివేయుము!"

వార్డులో సగం మంది ఆమెన్ అన్నారు. మంచానికి అటు బయ్యమ్మ, ఇటు టిఫిన్ క్యారియర్‌తో శివకుమార్.

సోఫియా వచ్చేసరికి రత్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. శివకుమార్ బట్టలు సంచిలో కుక్కుతున్నాడు.

"మా ఇంటి గుట్టు మీద ఊరంతా చేరి ప్రార్థన చేస్తారా మేడమ్? రాసీండి డిశ్చార్జి. పోతాండాము."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని సోఫియా ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. దేవుడి ముందు జారినా అది జారడమేనని ఆమెకు ఆ క్షణం దాకా తోచలేదు. తప్పును ప్రేమకుమారమ్మ మీదికి తోసేయడం తేలిక. సోఫియా ఆ పని చేయలేదు. వంగి రత్నమ్మతో అంది.

"నేనే చెప్పినాను. తప్పు నాదే."

గోడవైపు నుంచే జవాబొచ్చింది. "అక్కవనుకుంటి. పోండి మేడమ్."

అక్క మేడమ్ అయిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. కానీ ఇప్పుడు తన బాధ చూసుకుంటూ కూర్చుంటే ఆ సంచితో పాటు రత్నమ్మ కూడా ఇల్లు చేరుతుంది, ఆ మందు ఉన్న ఇల్లే. సోఫియా శివకుమార్‌ని వరండాలోకి పిలిచింది.

"తిట్టండి, పడతాను. కానీ ఈ పొద్దు తీసుకోనిపోవద్దు. దగ్గు మందని మీరూ నమ్మడంలేదు, నేనూ నమ్మడంలేదు."

అతని మొహంలో కోపం ఒక్కసారిగా దిగిపోయింది. గోడకి ఆనుకున్నాడు.

"నేనే కదా మేడమ్ దాన్ని ఎత్తుకోని పోయింది. తువాలలో సుట్టుకోని. ఆ మాట ఎత్తితే రత్న తట్టుకోలేదనింది మా యమ్మ. అందుకే ఎత్తలా."

ఆమెకి ఆడో మగో కూడా తెలియదయ్యా అన్న మాట సోఫియా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకుంది. ఒక్కసారి జారింది చాలు.

"పోయి పక్కన కూర్సోండి. ఆమె ఏమన్నా అడిగితే, తెలిసింది తెలిసినట్టు చెప్పండి. అంతే."

అతను వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. సోఫియా మంచం చుట్టూ తెర లాగి, స్టూలు మీద కూర్చుంది. అతను భార్య పాదం మీద చెయ్యి వేశాడు. అప్పుడు రత్నమ్మ గోడతో అన్నట్టుగా అడిగింది.

"ఆడబిడ్డా, మగబిడ్డా?"

శివకుమార్ నిర్ఘాంతపోయాడు. "నీకు తెలీదా?"

"ఎవురు చెప్పినారు నాకు?"

"ఆడబిడ్డ."

"యాడ పెట్టినావు?"

"మన సేను గట్టున. కానగచెట్టు కింద. నీళ్లు కట్టేదానికి పోయినప్పుడంతా ఆడ రోంతసేపు నిలబడుకోని వస్తా."

రత్నమ్మ ఇటు తిరిగింది. "ఎవురి మాదిరి ఉన్నింది?"

అతను సోఫియా వైపు చూశాడు. రత్నమ్మా చూసింది.

"మేడమ్, మీరు రోంత బయటికి పోండి."

సోఫియా లేచింది. మళ్లీ మేడమే. అయినా ఆ పొద్దున మొదటిసారి ఆమెకు ఊపిరి నిండుగా ఆడింది. తెర బయటికి వచ్చి, జారిన అంచు సరిచేసి, వరండాలోకి నడిచింది.

బెంచీ మీద బయ్యమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. దెబ్బలాటకి వస్తుందేమోనని సోఫియా సిద్ధపడింది.

"ఏం మాట్లాడతాండారు లోపల?"

"బిడ్డ మాటమ్మా."

"యాడ పెట్టిండేది చెప్పినాడా వాడు?"

"చెప్పినాడు."

బయ్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత కూడా కొంగు మొహం దగ్గరే ఉంచుకుంది.

"శివాకి ముందు నాకూ ఒకటి పోయింది. మా అత్త ఆ మాట ఎత్తనీలా. మాయాయనకు తెలుసు యాడ పెట్టింది. ఆయన పోయేదాకా నేను అడగలా. ఇప్పుడు అడుగుదామంటే ఎవురుండారు?" కొంగు దించింది. "ఆడబిడ్డే అనుకోని, నాకు నేనే ఒక పేరు పెట్టుకోనుండా."

సోఫియా ఆమె పక్కన కూర్చుని, ఆ పేరేమిటని అడిగింది.