ఉప్పలమ్మ శోకం

కళ్లలో ఇసుక పోసినట్టుందని, నోరెప్పుడూ ఎండిపోతోందని డాక్టరమ్మకు చెప్పాను.

"ఒంట్ల రక్షణ శక్తే కన్నీళ్లు, లాలాజలం ఊరే గ్రంథుల మీద దాడి చేస్తున్నట్టుంది. ఈ ముప్పు కొంత జన్యువులల్లనే వస్తది. మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా?" అని అడిగింది.

"ఎవ్వరికి లేదు మేడం," అనేశాక నాయనమ్మ గుర్తొచ్చింది.

మణుగూరు గని కాలనీలో మా నాయనమ్మ ఉప్పలమ్మ, తాత డ్యూటీకి పట్టుకెళ్లే నీళ్ల సీసాను పక్కన పెట్టుకుని ముద్దకో గుక్క తాగేది. బొగ్గు దుమ్ముకు గొంతు ఎండుతోందనుకున్నాం. తునికిపండ్లన్నీ నాకే పెట్టి, "నాకు గొంతు దిగయి బిడ్డా" అనేది.

తాత పోయిననాడు గొంతు పోయేలా శోకాలు పెట్టింది. కంట్లోంచి చుక్క రాలేదు. "మొగడు పోతే నీళ్లన్న రాలె, రాయి గుండె," అన్నారు ఆడవాళ్లు. పదేళ్లదాన్ని, బుద్ధిలేనిదాన్ని, నేనూ నమ్మాను. ఆనాటి నుంచి ఆమె పక్కన పడుకోలేదు. పోయేదాకా ఆమె "రావే శోభా" అంటూ చాప మీద నాకు చోటు వదిలేది.

కన్నీళ్లు ఎంత ఊరుతాయో చూడాలని డాక్టరమ్మ నా కింది రెప్పల్లో సన్నటి కాగితం ముక్కలు పెట్టి, ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమంది. ఆ ఐదు నిమిషాలూ నాయనమ్మ కోసం ఏడ్చాను.

కాగితాలు తడవలేదు.