గంజిలో ఉప్పు

"గంజిల ఉప్పెయ్యకు. పిల్ల ఒంటినిండ ఉప్పే కారుతుంది, ఇంకెంత పెడ్తవ్?"

ముప్పై ఏళ్ల కింద మా అత్త అన్న మాట. నా బిడ్డ ఉమారాణి నుదుటిని ముద్దు పెట్టుకుంటే పెదవులకు ఉప్పు తగిలేది. చెమట ఆరితే అక్కడ తెల్లటి చార. ఎంత తిన్నా ఒంటబట్టేది కాదు, దొడ్డికి పోతే జిడ్డు తేలేది, దగ్గితే పక్కింటికి వినబడేది. "నీ పాలే మంచియి గావు" అనేవాడు నా మొగుడు. వడ్డేపల్లి పత్తిచేలల్లో మగపువ్వును ఆడపువ్వుకు రుద్ది విత్తనం కట్టించే కూలిని నేను. గింజ ఒక్క పువ్వుతో కట్టదని నా వేళ్లకు తెలుసు. నోటికి మాత్రం రాలేదు. పిల్ల గంజిలో ఉప్పు మానేశాను. నాలుగో ఎండాకాలం పిల్ల సొమ్మసిల్లి, మళ్లీ లేవలేదు.

ఇప్పుడు మనవరాలు. నా కొడుకు దినేష్‌కు మా అన్న బిడ్డ శైలజనే చేసుకున్నాను. పాపకు అదే దగ్గు, అదే ఉప్పు. హైదరాబాద్ దవాఖానలో చెమట పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. మాత్రలతో పాటు తెలుగులో ఒక కాగితం ఇచ్చారు. ఊపిరితిత్తుల్లో జిగురులా పట్టిన కఫం కదలాలని, శైలజ రోజుకు రెండుసార్లు పాపను ఒళ్లో బోర్లా వేసి, దోసిలిలా వంచిన అరచేత్తో వీపు తడుతుంది. చేతులు గుంజినా ఆపదు.

ఇయ్యాల పొద్దున దినేష్ ఫోన్ చూసుకుంటూ శైలజతో అన్నాడు: "మీ ఇంటి రక్తమే గట్లున్నది."

ఆ ఇల్లు నా పుట్టిల్లు. శైలజ తడుతూనే ఉంది.

మొగుడు పోయాక వయోజన బడిలో నేర్చుకున్న చదువు నాది. కాగితం తీసి, వేలు పెట్టి చదివాను. "ఈ లోపం తల్లి నుంచి, తండ్రి నుంచి, ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది."

"పంతులమ్మవైనవా అమ్మా?" నవ్వాడు.

"జర ఇనురా." వేలు కింది వరుసకు జరిగింది. "చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి, ఎండాకాలం తిండిలో ఉప్పు ఎక్కువగా ఇవ్వాలి."

వేలు ఆ వరుస మీదే ఆగింది. చెప్పింది మా అత్తే. ఆపిన చెయ్యి నాది.

లేచి, శైలజ ఒళ్లోంచి పాపను తీసి వాడి ఒళ్లో బోర్లా పడుకోబెట్టాను.

"నాకు రాదే."

"నాకు గూడ చదువు రాకుండె. తట్టు."

వాడి చెయ్యి కదిలేదాకా నిలబడ్డాను. తర్వాత వంటింట్లోకి పోయి, గంజిలో ఉప్పు వేసి, ఇంకో చిటికెడు వేసి, రుచి చూశాను.

నా ఉమ నుదురు.