కొలతలమ్మ ఐదు కిలోమీటర్లు

కర్టెన్లు కుట్టే ఆ షాపులో ఆమెను అందరూ కొలతలమ్మ అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్లలో ఆమె కత్తిరించిన కర్టెన్ ఒక్కటీ పొట్టిదై వెనక్కి రాలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి, ఆ మాత్రం గొప్ప ఆమెకు దక్కాల్సిందే.

అలాంటి మనిషి ఉన్నట్టుండి పరుగు పందెంలో చిక్కుకుంది. ఇరికించింది ఆమె అన్న భార్య. వదినగారు అదే షాపులో కుట్టు మిషన్ల దగ్గర పెద్ద. హుషారు వచ్చిందంటే పట్టపగ్గాలుండవు. పొలం గట్లు, బురద దారుల మీదుగా సాగే ఐదు కిలోమీటర్ల క్రాస్ కంట్రీ పందేనికి నలుగురు ఆడవాళ్ల జట్టు పేరిచ్చేసి వచ్చింది. నలుగురూ నలభై నిమిషాల్లోపు గీత దాటితేనే జట్టు లెక్కలోకి వస్తుంది. వదినతో కలిపి ముగ్గురు చురుకైనవాళ్లే. నాలుగో మనిషి కొలతలమ్మ. నలభై నాలుగేళ్లు వచ్చాయి, బస్సు కోసం కూడా ఎన్నడూ పరుగెత్తి ఎరగదు.

"నావల్ల కాదు వదినా," అని మొదటిరోజే మొత్తుకుంది.

"కాకపోతే అప్పుడు చూద్దాంలే," అంది వదిన.

అందరి మధ్యా పరుగెత్తాలంటే సిగ్గు. అందుకని ఇంటి వెనక ఖాళీ స్థలంలో తనకో దారి ఏర్పరచుకుంది. ఒక సెలవురోజు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద పాకుతూ, టేపు పరిచి, పుల్లలు గుచ్చుతూ కొలిచింది. భర్త గుమ్మంలో నిలబడి, "భూమికి కర్టెన్ కుడుతున్నావా?" అన్నాడు. ఆమె చూసిన చూపుకి లోపలికి పోయాడు. చుట్టు ఐదొందల మీటర్లు తేలింది. పది చుట్లు తిరిగితే పందెం దూరం.

మొదటివారం రెండు చుట్లకే చతికిలబడింది. రెండు నెలలు తిరిగేసరికి పదీ ఆగకుండా తిరిగింది. పిక్కలు గట్టిపడ్డాయి, ఆకలి రెట్టింపైంది, మిషన్ల మోతలో కూనిరాగాలు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే ఆమెకు పరుగు పిచ్చి పట్టింది. వచ్చిన చిక్కల్లా గడియారంతోనే. ఎంత ఉరికినా నలభై ఐదు నిమిషాలు. ఒక్క నిమిషం తగ్గితే ఒట్టు.

పందెం రేపనగా, కత్తిరింపు బల్ల దగ్గర వదినతో చెప్పేసింది. "నన్ను తీసెయ్ వదినా. నా మూలాన మీ ముగ్గురి కష్టం బూడిదపాలవుతుంది." ఇన్నాళ్లకు తనకంటూ ఒక సరదా దొరికింది, అదీ చేజారిపోతోంది.

వదిన ఆమె చేతులకేసే చూస్తోంది. ఏడుపు దిగమింగుకుంటూనే కొలతలమ్మ గుడ్డ మీద టేపు పరిచింది. టేపు చివర దాటాక ఇంకో జానెడు వదిలి సుద్దతో గీత గీసింది. పై మడతకూ కింది మడతకూ కలిపి ఆ జానెడు.

"ఆ ఖాళీ స్థలం కూడా ఇలాగే కొలిచావా?" అడిగింది వదిన.

"ఇలాగే అంటే?"

"టేపు పరిచిన ప్రతిసారీ జానెడు వదిలి?"

"కొలతన్నాక వదలాలి కదా వదినా?"

"నేలను కూడా మడిచి కుడతావా ఏంటే!"

వదిన బల్ల మీద పడి నవ్వింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. సాయంత్రం నలుగురూ వెళ్లి మళ్లీ కొలిచారు. పది చుట్లకు ఆరొందల మీటర్ల పైమాటే ఎక్కువ. పాపం, రోజూ పందెం పూర్తిచేశాక కూడా పరుగెత్తుతూనే ఉందన్నమాట.

మర్నాడు పొద్దున బురదకాలువ దగ్గర జారి బోర్లా పడింది. లేచింది. ఒళ్లంతా బురదే, అయినా నవ్వు ఆగలేదు. ముందే గీత దాటిన ముగ్గురూ గొంతులు పోయేలా కేకలు పెడుతుంటే, ముప్పైతొమ్మిది నిమిషాల నలభై ఎనిమిది సెకన్లకు దాటింది. వదిన ఆ బురదతోనే వాటేసుకుని భోరుమంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొలతలమ్మ గుండెల మీది నంబరు గుడ్డ విప్పలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని అటూ ఇటూ చూసింది. చివరికి కండక్టర్ అడిగాడు.

"పందెంలో ఎన్నో స్థానం వచ్చిందమ్మా?"

"మా జట్టులో నలుగురం పరుగెత్తాం బాబూ," అంది తలెత్తి. "నాలుగోదాన్ని నేనే."