హిల్కా ఈతగదిలో ఆవిరిని పట్టిన సెన్సర్

హిల్కా ఇంట్లో ఈతకొలను గది సైరన్ వరసగా మూడు శనివారాలు కూసింది. మూడుసార్లూ కాపలా సంస్థ మనిషి ఒన్ని కారేసుకుని ఆదరాబాదరా వచ్చాడు. మూడుసార్లూ అతనికి దొరికింది పక్కగది సౌనాలో ఆవిరిస్నానం చేసొచ్చిన ఎనభై ఏళ్ల హిల్కాయే. ఒంటి మీద నూలుపోగు లేదు, చేతిలో కాల్చిన సాసేజీ. నాలుగోసారీ ఉత్త కూతే అయితే ఇక ఆ ఇంటికి రామని సంస్థ ఉత్తరం రాసేసింది. అసలే చెరువు గట్టు ఇళ్లలో దొంగలు పడుతున్నారు. ఆవిడేమో ఒంటరి మనిషి.

ఆ సైరన్‌ని కూయించే సెన్సర్ బిగించినవాడు ఎలక్ట్రీషియన్ తైస్తో. ప్రతిసారీ సంస్థ కాగితంలో కారణం అన్న గడి దగ్గర "యజమాని అజాగ్రత్త, సౌనా ఆవిరి" అని రాసినవాడూ అతనే. యజమాని తప్పయితే ఆవిడ లెక్కలో పడుతుంది, బిగించినవాడి తప్పయితే వాడి లెక్కలో. ఈసల్మి లాంటి చిన్న ఊళ్లో పేరు పోతే ఎలక్ట్రీషియన్‌ని ఎవడు పిలుస్తాడు?

మంగళవారం ఖరీదైన కొత్త సెన్సర్ బిగించి, కోటుతో దాని కింద అటూ ఇటూ తిరిగాడు. ప్రతిసారీ ఎర్రదీపం వెలిగింది.

"చూశారా? చీమ కూడా తప్పించుకోలేదు."

"సౌనా కాగని రోజున పరీక్షేంటయ్యా? శనివారం రా. తువ్వాలు తెచ్చుకో."

శనివారం సౌనా తొంభై డిగ్రీలు కాగింది. వచ్చింది పని మీదే గాని స్నానానికి కాదని తైస్తో నసిగాడు.

"నలభై నాలుగేళ్ల కింద నిన్ను కాళ్లు పట్టి బయటికి లాగిన మంత్రసానిని నేనే. అప్పుడూ ఇలాగే మొరాయించావు. విప్పు!"

విప్పాడు. చెవులు కాలేదాకా కూర్చుని, కొలనులో దూకి, చాలాసేపు ఈది, నీళ్లోడుతూ సెన్సర్ కింద నడిచాడు. దీపం వెలగలేదు. చేతులూపాడు, గెంతాడు. ఉహూఁ. ఒంటి మీది నీళ్లూ గదిలో గాలీ ఒకే వెచ్చదనంలో ఉంటే, వేడి చూసి పసిగట్టే ఆ కంటికి మనిషి ఆనడు.

హిల్కా సౌనాలో కాగిన రాళ్ల మీద రెండు గరిటెల నీళ్లు కుమ్మరించి దాని తలుపు బార్లా తీసింది. ఆవిరి భళ్లున బయటపడింది. సైరన్ ఊరు లేచేలా కూసింది.

"శభాష్! దొంగని వదిలేసి పొగని పట్టుకుంది!"

ఇది పరీక్షేనని సంస్థకి చెబుదామంటే ఫోను ప్యాంటు జేబులో ఉంది, ప్యాంటు ఇంటి అవతలి కొసనుంది. అది చేతికొచ్చేలోపే పక్కవీధిలో ఉన్న ఒన్ని గుమ్మంలో నిలబడ్డాడు. దిసమొలలతో ఉన్న ఇద్దర్నీ చూసి, మసకేసిన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నాలుగోది. కారణం ఎప్పటిలాగే ఆవిరేనా?"

హిల్కా అతని చేతిలోని కాగితం లాగి తైస్తోకి అందించింది. తైస్తో తడిచేత్తో కలం తీసుకుని రాశాడు: "తప్పుడు సెన్సర్. ఎంచింది నేను."

"మరి పాత మూడు కూతల సంగతో?" అంది హిల్కా.

అవీ తన పేరునే రాసుకున్నాడు.

"అయితే మీ లెక్కలో ఒక్కటీ లేదు, హిల్కా. మేం వస్తాం," అన్నాడు ఒన్ని.

"ఊళ్లో చెప్పకు ఒన్నీ," అన్నాడు తైస్తో.

"నేను చెప్పను."

"నేను చెబుతా," అంది హిల్కా కాఫీ పోస్తూ.

తైస్తో ఆ దిసమొలతోనే బల్లెక్కి సెన్సర్ ఊడదీయసాగాడు.

"మరి అక్కడేం పెడతావు?"

"ఏమీ పెట్టను. దొంగ గోడలోంచి రాడుగా. బయటి తలుపుకీ కిటికీలకీ, తెరిస్తేనే సైరన్ కూసేలా, తేమ దూరని అయస్కాంతాలు. లోపలి తలుపు అవతల, పొడి నడవలో ఒక సెన్సర్. ఈ గదిలో మీరూ మీ ఆవిరీ ఏమన్నా చేసుకోండి."

"ఈ మాట మొదటే చెప్పొచ్చుగా?"

"మొదటే తెలిస్తే చెప్పేవాణ్ణి."

"సరేలే, ముందా బల్ల దిగు. ఒన్ని కాఫీ తాగలేక చస్తున్నాడు."